పొంగని పాలు, తరగని గ్యాసు

తడిగుడ్డతో పెనం మీది జొన్నరొట్టెను అద్దుతూ, కృష్ణా తుంగభద్రల నడుమ సూర్యుడు చుట్టపుచూపుగా వచ్చి తిష్ఠ వేసుకున్న రాయచూరు మహానగరమందు, కోట వెనుక సందులోని గిరిజమ్మగారి మేడమీది వాటాలో, ఇల్లు ఖాళీ చేయనున్న సత్యభామ ప్రచండ సమరం సాగిస్తున్నది.

దారికి కావలసిన రొట్టెలు ఎప్పుడో అయిపోయాయి. తుర్విహాళ అనే ఊళ్లో అంగడి పెట్టబోతున్న భర్త వాసు సామానంతా టెంపోకెక్కించి వాకిట నిలిచాడు. అయినను ఆ వీరనారి పొయ్యి ఆర్పలేదు. ఏలయన, ఆమె పోరు ఆకలితో కాదు. ఉక్కుకవచధారియై, రక్తవర్ణదేహుడై, గట్టు కింద కదలక మెదలక కూర్చున్న గ్యాసు సిలిండరుతో. అందలి ఆఖరి ఆవిరిని హరించి గాని గడప దాటనని ఆమె ప్రతిన.

ఆ భీషణప్రతిజ్ఞకు మూలం వినుడు. ఆమె ఈ ఇంట దిగిన నాడు గిరిజమ్మ తన సిలిండరును అప్పగించి, అది నిండుదని పలికి, ఎట్లిచ్చితే అట్లే తిరిగి ఇచ్చి పోవడం ఈ సందు ధర్మమని బోధించింది. అదే ముహూర్తాన, ముత్తైదువల సమక్షాన, పసుపు కుంకుమలు దాల్చిన గిన్నెలో పాలు గోరువెచ్చనైనా కాకముందే మంట మిణుకుమని కన్ను మూసింది. సిలిండరు వట్టిది. పాలు పొంగలేదు. ఆపై దానిలో గ్యాసు నింపించినదంతా సత్యభామ సొంత సొమ్ముతోనే. నాటినుండి ఆ ఇంట ఏ కీడు జరిగినా, కూరలో ఉప్పెక్కువైనా, ఆ పొంగని పాలే కారణమని అత్తగారు అంటూనే ఉన్నారు.

నేటి ఉదయం గిరిజమ్మ మెట్లెక్కి వచ్చి, సిలిండరు నిండుగా అప్పజెప్పుమన్నది.

"ఎట్లిచ్చిన్రో అట్లనే ఇస్త, గిరిజమ్మక్కా," అన్నది సత్యభామ.

"నేను నిండుదే ఇస్తి గద."

"మరి మా పాలెందుకు పొంగలే?"

"మీ పాలల్ల నీళ్లుండె," అని గిరిజమ్మ మెట్లు దిగింది.

ఆ వాగ్బాణం గుండెలో దిగబడగా దహనకాండ మొదలైంది. పల్లీలు వేగాయి. శనగలు వేగాయి. పుట్నాలు, అవి వేగే పుట్టినవని తెలిసి కూడ, మళ్లీ వేగాయి. ఎవరూ తాగని చాయ మరిగి మరిగి నల్లబడింది. రెగ్యులేటరు విప్పి గాలికి వదలడం అధర్మయుద్ధమనీ, పైగా ఇల్లే లేచిపోగలదనీ ఎరిగిన ఆ ధర్మజ్ఞురాలు ఆ దారి తలంచనైనా లేదు. నడుమ నడుమ తడిగుడ్డతో సిలిండరు ఒళ్లు తుడిచి, తడి ఎంతవరకు ఆరకున్నదో చూసి, శత్రువు బలం అంచనా కట్టేది. మధ్యాహ్నానికి తడిగీత అడుగంటింది. మంట కుంచించుకుపోయింది. ఇక ఒక్క రొట్టె. విజయలక్ష్మి గడపలో నిలిచినట్లే.

గడపలో నిలిచినది ధనశ్రీ. ఈ వాటాలో కొత్తగా దిగబోతున్న కోడలు. చేత పసుపు పూసిన గిన్నె, గిన్నెలో పాలు, పక్కన కనురెప్ప వాల్చని అత్తగారు, వెనుక గిరిజమ్మ.

"ముహూర్తం దాటుతదంట, జర పక్కకు జరుగు," అన్నది గిరిజమ్మ సత్యభామతో. ధనశ్రీ వైపు తిరిగి, "సిలిండరు నిండుగున్నది తల్లీ, పెట్టుకో," అన్నది.

ఆహా, అదే వాక్యం, అదే కంఠం. పెనం మీది రొట్టె కాలేదాకా ఊరకుంటే చాలు, గిరిజమ్మ మాట నలుగురిలో నీరుగారును. కానీ ధనశ్రీ పాల వంక ఒకసారి, అత్తగారి వంక ఒకసారి చూస్తున్నది. పాలు పొంగని నాడు సత్యభామ చూసిన చూపూ అదే.

ఆమె పచ్చిరొట్టెతో సహా పెనం దించింది.

"పెట్టమ్మా. మంట పెద్దగనే ఉంచు."

అని, వంగి, పొద్దుటినుండి ఎవని ప్రాణం తీయజూచెనో ఆ శత్రువునే రెండు చేతులా కౌగిలించి, అడుగున దాగిన తుది సేనలన్నీ పైకి లేచి వచ్చునట్లు ఊపసాగింది. మంట తల ఎత్తింది. పాలు అంచుదాకా వచ్చి, ఆగి, తటపటాయించి, తెల్లని ధ్వజం వలె లేచి పొంగి పొర్లాయి. ధనశ్రీ అత్తగారు తొలిసారి రెప్ప వాల్చింది. మంట ఆరింది.

పొయ్యి తుడిచి, అందరికీ చాయ పెడదామని గిరిజమ్మ లైటరు అందుకున్నది. టిక్కు. మళ్లీ టిక్కు. ధనశ్రీ అత్తగారు గిరిజమ్మ మొగం చూసింది.

"నిండుగున్నదంటిరి గద?"

ఇట్లు ఒక గిన్నెడు పాలు పొంగెను. ఒక సిలిండరు, ఎట్లిచ్చిరో అట్లే, సందు ధర్మానుసారముగా తిరిగి అప్పగింపబడెను. దుందుభులు మోగలేదు, కింద టెంపో హారను మోగింది. సత్యభామ గిరిజమ్మ చేతిలోని లైటరు, అది తనదే గనుక, మెల్లగా తీసుకుని, కొంగున ముడివేసుకుని మెట్లు దిగిపోయింది.