కట్టుడు ఆకులు

ఆ ఉదయం అనుకున్న పని ఒక్కటే. అత్తగారిని బస్సెక్కించి, అట్నుంచి అటే పళ్లాయన పనికి వెళ్లిపోవాలి. పళ్లాయన అంటే బండి మీద పళ్లమ్మే మనిషనుకునేరు. దంతవైద్యుడి క్లినిక్కులో వెనకగదిలో కూర్చుని కట్టుడు పళ్లు తయారుచేసే మనిషి. ఆ వీధిలో పెద్దవాళ్లు సగంమంది ఆయన చేతి పళ్లతోనే నవ్వుతారు. వాళ్లలో అత్తగారు కూడా ఒకరు. ఎక్కడైనా ఖాళీ కనిపిస్తే చాలు, ఆయన చేతులు ఊరుకోవు. పైగా పగలంతా ఆయన మాట్లాడేది ప్లాస్టరు దవడలతో. అవి ఎదురు చెప్పవు. అందుకేనేమో, ఎదుటివాళ్లు చెప్పేది చివరిదాకా వినే అలవాటు ఆయనకు ఎప్పుడో తప్పిపోయింది.

అత్తగారు వెళ్లేది సముద్రం ఒడ్డున ఉన్న చెల్లెలింటికి. మామగారు పోయాక ఆవిడ ఇలా ఊరికి బయల్దేరడం ఇదే మొదలు. ఎండాకాలంలో తన ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వచ్చినప్పుడు రెండు పెట్టెలూ ఒక దేవగన్నేరు కుండీ తెచ్చుకున్నారు. రిటైరైన కొత్తలో మామగారు ఎవరినో బతిమాలి తెచ్చి నాటిన కొమ్మ అది. అప్పటికే కూతురు పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది కాబట్టి, ఆ చెట్టు మంచీచెడ్డా అత్తగారికి తప్ప ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. "మీ నాన్న చేత్తో పెట్టినవాటిలో మిగిలింది ఇదొక్కటే" అని ఆవిడ ఒక్కసారి అన్నారు. మళ్లీ అనలేదు. ఆ మాట మాత్రం అల్లుడి మనసులో ఉండిపోయింది.

గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఆవిడ చెప్పారు. "నాయనా, చెట్టుకి ఏమీ చెయ్యొద్దు."

"అలాగే అత్తయ్యా."

"నీళ్లు కూడా పొయ్యొద్దు. ఏం జరిగినా సరే ముట్టుకోవద్దు. చలి ముదిరితే దాని..."

"మీరు నిశ్చింతగా వెళ్లిరండి అత్తయ్యా! నేను లేనూ?"

అదేగా నా భయం అన్నట్టు ఒక చూపు చూసి ఆవిడ బయల్దేరారు.

ఏమీ చెయ్యొద్దన్నది మర్యాదకన్న మాటని పళ్లాయన అర్థం చేసుకున్నాడు. క్లినిక్కులో రోజూ వినేదే కదా! "ఏమీ లేదండీ, కాస్త సలుపు, ఏమీ చెయ్యక్కర్లేదు" అన్నవాళ్లకే ఎక్కువ పళ్లు పీకాల్సి వస్తుంది. ఆ సాయంత్రం చెట్టుకు ఒక చెంబుడు నీళ్లు పోశాడు. మర్నాడు ఒక బకెట్టు. చెట్టు ముందు దాకా వెళ్లి ఉత్త చేతులతో తిరిగి రావడం ఆయనకు పెద్దలను పలకరించకుండా వచ్చేసినట్టనిపించింది.

వారం తిరక్కుండానే ఆకులు పసుపెక్కాయి. దాహమేసిందేమోనని ఇంకో బకెట్టు పోశాడు. ఆకులు రాలడం మొదలైంది. చలేస్తోందేమోనని తన పాత స్వెట్టరు కుండీకి చుట్టాడు. ఉన్న ఆకులు కూడా రాలాయి. చివరికి బాల్కనీలో మిగిలినవి బూడిదరంగు మొద్దుకొమ్మలు. ఒక్క ఆకు లేదు.

"ఏవండీ, అమ్మ ఏమీ చెయ్యొద్దని చెప్పింది కదా!" అంది భార్య.

"నేనేం చేశాను? నీళ్లేగా పోసింది!"

"అదే చెయ్యొద్దంది."

పళ్లాయన కుర్చీలో కూలబడ్డాడు. మామగారి కొమ్మ. ఆవిడ ప్రాణంగా పెంచుకున్న చెట్టు. దాన్ని నమ్మి చేతిలో పెడితే చంపేశాడు. అన్నం సహించలేదు. అంతలో ఫోను మోగింది. అత్తగారు వీడియోలో.

"చెట్టుని ఒక్కసారి చూపించు నాయనా."

"కరెంటు పోయిందత్తయ్యా! చీకటి."

"మరి నీ మొహం అంత వెలిగిపోతోందేం?"

ఫోను పడిపోయినట్టు నటించి కట్ చేశాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. నిజం చెప్పేయండి అని భార్య పోరింది. రేపు చెప్తానన్నాడు.

ఆ రేపు వచ్చింది. వెనకగదిలో బల్లమీద ఒక్క పన్నూ లేని ప్లాస్టరు దవడ నోరు తెరుచుకుని కూర్చుంది. పళ్లాయన దాన్ని చూశాడు. కిటికీలోంచి క్లినిక్కు ముందున్న డాక్టరుగారి దేవగన్నేరును చూశాడు. అది ఇంకో రకం. ఆకుల కొసలు గుండ్రంగా ఉంటాయి, ఎంత చలిలోనూ పచ్చగా నిగనిగలాడుతుంటాయి. డాక్టరుగారు దాన్ని కన్నబిడ్డలా చూసుకుంటాడు. పళ్లాయన బుర్రలో దీపం వెలిగింది. అది ఆరిపోయుంటే ఎంత బాగుండేదో!

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లగానే సంచీ నిండా ఆకులు కోశాడు. తుంచిన చోటల్లా పాలు కారి చొక్కా మీద పడ్డాయి. ఇంటికి పోయి సన్నతీగా, చిగుళ్లకు వాడే గులాబీరంగు మైనమూ ముందు పెట్టుకున్నాడు. మైనం కరిగించి, రాలిన ఆకు మచ్చ ఎక్కడుందో చూసి సరిగ్గా అక్కడే, దవడపన్ను కూర్చినట్టు వాలు చూసుకుని ఒక్కొక్క ఆకూ అతికించాడు. చేసింది వెధవపనే గానీ పనితనానికి వంక పెట్టలేం.

"ఇది తప్పండీ" అంది భార్య. కాస్సేపు అలాగే చూసింది. "ఆ ఎడంపక్క కొంచెం పల్చగా ఉంది" అని కూడా అంది.

ఆ సాయంత్రం అత్తగారు ఫోనులో చెట్టును చూశారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఒక్క ఆకు కూడా రాల్లేదా నాయనా?"

"ఒక్కటంటే ఒక్కటి కూడా!"

ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. ఆనందమనుకున్నాడు పళ్లాయన. మర్నాడు ఆవిడ మొహం ఇంకా వాడిపోయింది. నమ్మకం కుదరలేదనుకుని మరికొన్ని ఆకులు కట్టాడు. ఆ మర్నాడు ఆవిడ "ఇంకా పెరుగుతున్నాయా?" అని వణుకుతూ అడిగారు. "మీ ఆశీర్వాదం!" అన్నాడీయన. కట్టిన ఆకులు రెండ్రోజులకే వాడిపోతాయి కదా, కొత్తవి మార్చాలి. ఇక్కడ చెట్టు గుబురెక్కుతున్న కొద్దీ అక్కడ డాక్టరుగారి చెట్టు కింది నుంచి బట్టతలవుతూ వచ్చింది.

"ఏమయ్యా, మన చెట్టుకి ఏదో తగులుకుంది" అన్నాడు డాక్టరుగారు.

"మేకేమో సార్."

"గేటుకి తాళం ఉంది. మేక తాళంచెవి తెచ్చుకుంటుందా?"

"అయితే పురుగేమో సార్."

"తొడిమ దగ్గర నీటుగా కత్తిరించే పురుగా? సరే, నీ చొక్కా మీద ఆ మరకలేమిటి?"

"ప్లాస్టరు సార్!" అన్నాడు పళ్లాయన. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నిజంగానే భుజం తుడుచుకున్నాడు.

డాక్టరుగారు హాల్లోకి వచ్చి గట్టిగా ప్రకటించాడు. "ఆ దొంగ దొరకనీ, మత్తివ్వకుండా పళ్లన్నీ పీకేస్తాను!" ఏ పాపం ఎరగని ఇద్దరు పేషెంట్లు లేచి వెళ్లిపోయారు.

కింది ఆకులు అయిపోయాయి. స్టూలు కావలసి వచ్చింది. స్టూలెక్కినవాడు హాలు కిటికీలోంచి నిలువెల్లా కనిపిస్తాడన్న సంగతి పళ్లాయనకు తట్టలేదు. చేతిలో కత్తెర, చంకలో సంచీతో ఆయన వెనక్కి తిరిగేసరికి కిటికీ నిండా మొహాలున్నాయి. మధ్యలో డాక్టరుగారిది.

"ఏం చేస్తున్నావయ్యా?"

నోటికి వచ్చిందేదో అనేశాడు. "షేడ్ చూస్తున్నాను సార్. పళ్ల రంగు కలపాలి కదా!"

"ఆకుపచ్చ పళ్లు ఎవరికయ్యా?"

హాల్లో కొలతలిచ్చి కూర్చున్న రిటైర్డు డ్రిల్లు మాస్టారు బోసినోరు మూసుకుని లేచాడు. "నా సెట్టు చేసేది ఈయనేనా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా గేటు దాటాడు.

పళ్లాయనకు తల కొట్టేసినట్టయింది. భూమి చీలితే బాగుండుననిపించింది గానీ, స్టూలు మీదున్నవాడికి ఆ సౌకర్యం కూడా లేదు. అప్పుడే జేబులో ఫోను మోగింది. భార్య.

"ఏవండీ, అమ్మ వచ్చేసింది! చెప్పా పెట్టకుండా ఆటో దిగి తిన్నగా బాల్కనీలోకి వెళ్తోంది!"

సంచీతో సహా పరుగెత్తాడు. "నా ఆకులు!" అంటూ డాక్టరుగారు స్కూటరు మీద వెంటపడ్డాడు. సగం దారిలో జాలిపడి ఎక్కించుకున్నాడు.

బాల్కనీలో అత్తగారు నిలబడి ఉన్నారు. భుజాన సంచీ, కాళ్లకు చెప్పులు. చేతిలో ఒక ఆకు. దాని చివర తీగ, తీగకు గులాబీరంగు మైనం.

"ఇదేమిటి అల్లుడుగారూ?" అన్నారు ఆవిడ. అత్తగారు నాయనా అంటే నాయన. అల్లుడుగారూ అన్నారంటే ఇక అంతే.

"అది నాదండీ" అన్నాడు వెనక నుంచి డాక్టరుగారు.

పళ్లాయన తల వంచుకుని మొత్తం చెప్పేశాడు. నీళ్లు, స్వెట్టరు, కరెంటు, ఆకులు, స్టూలు. "మామగారి చెట్టుని చంపేశానత్తయ్యా. చెప్పడానికి మొహం చెల్లలేదు" అన్నాడు.

ఆవిడ కొమ్మ మీద గోటితో గీరారు. లోపల పచ్చగా ఉంది. తెల్లటి పాలు ఊరాయి.

"చావలేదు. ఏటా చలికి ఆకులన్నీ రాల్చేసి పడుకుంటుంది. ఆ మాటే చెప్పబోతే 'నేను లేనూ' అన్నారు మీరు."

"మరి నువ్వెందుకొచ్చేశావమ్మా?" అంది కూతురు.

"ఆకులు రాల్లేదనే! ఇంత చలిలో ఆకు రాల్చలేదంటే ఏదో జబ్బు చేసిందనుకున్నాను. కోసుగా ఉండాల్సిన ఆకులు గుండ్రంగా తిరిగిపోయాయి. పైగా రోజురోజుకీ దట్టం! మీ నాన్న చెట్టుకి ఏం మాయరోగం వచ్చిందోనని కంటిమీద కునుకు లేదు. చెల్లెలు చెయ్యి పట్టుకుని ఉండమన్నా వినలేదు. సముద్రానికి రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూనే తిరిగొచ్చాను."

చెట్టును చంపానన్న సిగ్గు కన్నా ఈ సిగ్గు పెద్దది. ఆవిడకు ఇన్నేళ్లకు దొరికిన నాలుగు రోజుల సుఖాన్ని తానే తన చేతులతో చెడగొట్టాడు. పళ్లాయన తలెత్తలేకపోయాడు.

"ఈ మైనం వేడివేడిగా పోశారా?" అని అడిగారు అత్తగారు.

"వేడిగా లేకపోతే అంటుకోదత్తయ్యా."

ఆవిడ కళ్లు మూసుకున్నారు. పళ్లాయన పనిముట్లు తెచ్చుకుని నేలమీద చతికిలబడ్డాడు. పళ్ల సందుల్లో మైనం గీకే సన్నటి పరికరాలతో సాయంత్రం దాకా ఒక్కొక్క మచ్చా శుభ్రం చేశాడు. రెండు కొమ్మల చివర్లు కాలి నల్లబడ్డాయి. ఈ ఏటికి అక్కడ పూలు రావు. ఆవిడ ఆ రెంటినీ వేలితో నిమిరారు, తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది పళ్లాయనకు.

చివరికి అత్తగారే నోరు విప్పారు. "నాయనా..." ఆ పిలుపు వినగానే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "పళ్లు రాలితే కట్టాలి, అది నీకు తెలుసు. ఆకులు రాలితే ఊరుకోవాలి, అది దానికి తెలుసు. ఊరుకున్నంత ఉత్తమం, బోడిగుండంత సుఖం లేదన్నారు. దాని బోడిగుండు దానికి హాయిగానే ఉంది. ఊరుకోవడమే నీ వల్ల కాలేదు."

"బుద్ధొచ్చిందత్తయ్యా. రేపే మళ్లీ బస్సెక్కిస్తాను. ఈసారి చెట్టుని కళ్లలో పెట్టుకుని..."

"వద్దు!" అత్తగారూ, భార్యా, డాక్టరుగారూ ఒక్కసారే అన్నారు.

"బట్టలు సర్దుకో. నాతో వస్తున్నావు. నువ్విక్కడుంటే నాకు నిద్ర పట్టదు" అన్నారు అత్తగారు. పళ్లాయన సెలవడగడానికి నోరు తెరవక ముందే డాక్టరుగారు "ఎన్నాళ్లయినా ఉండిరావయ్యా, తొందరేం లేదు. నా చెట్టు కూడా కోలుకోవాలి" అన్నాడు.

ఎండలు మొదలయ్యే వేళకు దేవగన్నేరు చిగిర్చింది. ఆ వెనకే రెండు కొమ్మలు తప్ప తక్కినవన్నీ గుత్తులు గుత్తులుగా పూశాయి. కింది ఇంటావిడ వాసన పట్టుకుని మెట్లెక్కి వచ్చి, బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఎంత బాగా పూసిందండీ! మీరు ఊళ్లో లేనప్పుడు దీన్నెవరు చూసుకున్నారు?"

పళ్లాయన చూపులు నల్లబడ్డ ఆ రెండు కొమ్మల మీదికీ, అక్కణ్నుంచి తన చేతుల మీదికీ వెళ్లాయి. రెండు చేతులనూ మెల్లిగా వెనక్కి దాచుకున్నాడు. అత్తగారు, అల్లుడు చేసిచ్చిన పళ్లు మొత్తం కనిపించేలా నవ్వారు.

"ఎవరూ చూసుకోలేదమ్మా. అందుకే."