మూలచిత్రంలో లేని పగులు

నాగరికత గోడ కట్టడంతో మొదలవుతుంది; జీతమిచ్చి ఆ గోడకు పగులు గీయించడంతో పరిపూర్ణమవుతుంది. ఈ రెంటికీ మధ్య జరిగిన దాన్ని చరిత్ర అంటారు. దాన్ని చూడ్డానికి టికెట్ లేదు కనుక ఎవరూ చూడరు.

ఊరి చివరి థీమ్ పార్కు ఈ పరిపూర్ణతను ఎప్పుడో సాధించింది. కంప్యూటర్లు రాని రోజుల్లో కొందరు మనుషులు ఏళ్ల తరబడి బల్లల మీద వంగి, ఒక్కొక్క బొమ్మా చేత్తో గీసి, పలుచటి సెల్యులాయిడ్ పొరల మీద రంగులద్ది తీసిన కార్టూన్ చిత్రం ఒకటుంది. అందులో ఒక పాత వీధి ఉంది. పార్కువారు ఆ వీధిని ఇటుకతో, సున్నంతో అచ్చం అలాగే కట్టించారు. కొత్త గోడలకు వయసు తెప్పించడానికి వేరే పనివాళ్లున్నారు: స్పాంజితో నాచు అద్దేవారు, రంగుపొడితో తుప్పు పట్టించేవారు, సన్నటి కుంచెతో పగుళ్లు గీసేవారు. (అసలు నాచు మొలిస్తే గీకిపారేయడానికి మరో విభాగం ఉంది. మొలిచిన నాచు మూలచిత్రంలో లేదు.)

కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి బతికే ఒకాయన ఈ వీధికి అభిమాని. ఆ చిత్రంలో కథానాయకుడి పేరేమిటని అడిగితే కాసేపు తడుముకుంటాడు గాని, మూడో దీపస్తంభం నీడ ఎటు పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. లోకమంతా కదిలే బొమ్మల్ని చూస్తుందనీ, వాటి వెనక కదలకుండా ఉన్నవాటిని చూసేది తానొక్కడేననీ ఆయన నమ్మకం. ఆ నమ్మకంలో గర్వం ఉంది. కొంత నిజమూ ఉంది, చిక్కల్లా అదే.

వీధి మొదట్లో కాపలాదారు ఇల్లుంటుంది. దాని గోడ కింద స్టూలు మీద కూర్చుని టికెట్లు చింపే ఆవిడ ఆయనకు స్వయానా వదిన, అన్న భార్య. అక్కడ ఉద్యోగం ఖాళీ ఉందని ఇంటికి కబురు మోసుకొచ్చింది ఆయనే. ఆయన పిచ్చిని ఇంటిల్లిపాదిలో నవ్వుతూ భరించేది కూడా ఆవిడొక్కతే.

ఆ గోడకు మూలచిత్రంలో మూడు పగుళ్లు. ఒక ఆదివారం ఆయనకు నాలుగోది కనిపించింది. కప్పు అంచున మొదలై, కిటికీ పక్కగా వంకర్లు తిరిగి, వదిన తలకు జానెడు పైన ఆగింది. ఆయనకు ముందు కలిగింది కోపం, మూలచిత్రాన్ని పాడుచేశారని. భయం తర్వాత వచ్చింది, వదిన భుజం మీద సున్నపు పొడి చూశాక. (ఈ వరసను పాఠకులు గుర్తుంచుకోగలరు.)

"ఏంటి మరిదీ, మనిషిని పలకరించకుండా గోడని పలకరిస్తున్నావు?" అంది వదిన.

"వదినా, ఈ గోడ నిజంగానే బీటలిచ్చింది. కాస్త పక్కకి జరిగి కూర్చో."

"జరిగితే జీతం కోస్తారు. బొమ్మలో స్టూలు ఇక్కడే ఉందట, కింద కాళ్లకు గుర్తులు కూడా పెట్టారు. నేనెక్కడ కూర్చోవాలో నన్నడిగి గీశారా ఏంటి? నువ్వే వెళ్లి ఆ పెద్దమనుషులతో ఒక మాట చెప్పి రా. బొమ్మల సంగతి నీకు తెలుసు, నా మాటెవరు వింటారు?"

పార్కు యాప్‌లో ఫిర్యాదు చేయబోతే అది మూడు అవకాశాలిచ్చింది: పగులు బాగుంది, చాలా బాగుంది, మాటలు చాలవు. ఆయన ఏదీ నొక్కకుండా బయటికి రాబోతే, మాటలు చాలనట్టు నమోదు చేసుకుని ధన్యవాదాలు చెప్పింది.

అందుచేత స్వయంగా పగుళ్ల విభాగానికి వెళ్లాడు. విభాగాధికారి మర్యాదస్తుడు. ఆయన బల్లకు ఒక కాలు పొట్టిగా ఉంటే కింద అట్టముక్క మడిచి పెట్టారు. ఆ నాలుగో పగులు తప్పితే, పార్కు మొత్తంలో ఎవరూ గీయకుండా ఏర్పడిన వస్తువు అదొక్కటే.

"పగులుకు నంబరుందా?" అన్నాడు అధికారి.

"లేదండీ. అందుకే వచ్చాను."

"నంబరు లేనిది పగులెలా అవుతుందండీ?"

"అది గీసింది కాదు. నిజం పగులు."

అధికారి ఆయనవైపు జాలిగా చూశాడు. "మా దగ్గర నిజమైనవేవీ ఉండవండీ. అది మా విధానం."

అయితే విధానంలో ఒక వెసులుబాటు ఉందని అధికారే చెప్పాడు. ఫలానా పగులు మూలచిత్రంలో లేదని ప్రకటించే హక్కు ప్రామాణిక అభిమానికి మాత్రమే ఉంటుంది. మామూలు అభిమాని కన్ను ఆవేశపడుతుంది కనుక చెల్లదు. ప్రామాణికుడు కావడానికి పెట్టే పరీక్షలో రాసేదేమీ ఉండదు, ఆనందించి చూపిస్తే చాలు.

పరీక్షకు పిలుపు రావడానికి వానాకాలం గడిచింది. ఈలోపు పగులు వెడల్పయింది, పేరు కూడా తెచ్చుకుంది. జనం దాని పక్కన నిలబడి ఫోటోలు దిగారు. గైడు దాన్ని పార్కు మొత్తంలో అత్యంత సహజమైన పగులుగా వర్ణించాడు. పగుళ్ల చిత్రకారుణ్ణి వేదికెక్కించి జ్ఞాపిక ఇచ్చారు. అది తాను గీయలేదని అతను మైకులోనే చెప్పాడు. గొప్ప కళాకారులంతా అలాగే అంటారని సభ చప్పట్లు కొట్టింది. వదిన మాత్రం నెత్తికి రుమాలు కట్టుకుని రావడం మొదలుపెట్టింది. రుమాలు మూలచిత్రంలో లేదని తీయించారు. ఇంట్లో ఆ సంగతి నవ్వుతూనే చెప్పింది గాని, అన్నం వడ్డిస్తున్నప్పుడు ఆవిడ జుట్టులోంచి తెల్లటి పెళ్ల ఒకటి జారి మరిది కంచంలో పడింది. అన్న ఆ కంచం తీసేసి ఇంకోటి పెట్టాడు.

పరీక్షలో ముగ్గురు పెద్దలు ఆయన్ని ఒక ఖాళీ గోడ ముందు నిలబెట్టి, చాలనేవరకూ ఆనందించమన్నారు. ఇది మోసమని ఆయనకు క్షణంలో తెలిసింది. తెలిసీ, వదిన కోసం కదా అనుకుని ఆనందించడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఎవరి కోసమో మరిచిపోయాడు. ఖాళీ గోడలో కూడా ఆయనకు కుంచె జాడలు కనిపించాయి. పెద్దలు లేచి నిలబడి చేతులు కలిపారు. ఆకుపచ్చ రిబ్బను ఉన్న బిళ్లను చొక్కాకు గుచ్చారు. అద్దాలు అరగదీసే మనిషికి అంతవరకూ ఎవరూ ఏదీ గుచ్చలేదు.

అప్పుడు ఆయన తన ప్రకటన చేశాడు: నాలుగో పగులు మూలచిత్రంలో లేదు. అధికారి శ్రద్ధగా విన్నాడు. ఇలాంటి తేడా వచ్చినప్పుడు గోడనైనా సరిచేయాలి, చిత్రాన్నైనా సరిచేయాలి అన్నాడు. గోడ ముట్టుకుంటే సందర్శకుల సంతృప్తి విభాగం ఊరుకోదు. కనుక చిత్రాన్ని సరిచేశారు. సరిచేసిన మూలచిత్రపు పొరను బల్లమీద పరిచి, గోడా చిత్రమూ ఒక్కటేనని ధ్రువీకరించమన్నారు. పగులు కింద ఒక ఇత్తడి పలక పెడతామనీ, దాన్ని మొట్టమొదట గుర్తించిన కన్ను ఎవరిదో దానిమీద చెక్కిస్తామనీ కూడా అన్నారు.

ఒప్పుకోనని చెప్పడానికే ఆయన చిత్రంమీదికి వంగాడు. వంగాక ఒక తప్పు కనిపించింది.

"కిటికీ దగ్గర ఇది కుడికి తిరగదండీ," అన్నాడు. "ఎడమకి తిరుగుతుంది."

అధికారి లేచి ఆయన చేయి పట్టుకున్నాడు. ఇన్నాళ్లూ ఇలాంటి కన్ను కోసమే చూస్తున్నామన్నాడు. తప్పు దిద్దించారు. ఆయన సంతకం పెట్టాడు. ఏ విషయానికి పెట్టావని ఆ క్షణంలో అడిగి ఉంటే, ఎడమ వంపుకని చెప్పేవాడు.

ఇత్తడి పలక బిగించిన రోజు చూడ్డానికి వెళ్లాడు. బాగా మెరుస్తోంది. కాస్త దూరంగా నిలబడి, తల పక్కకి వంచి, గోడ మొత్తాన్ని కంటిలోకి తీసుకున్నాడు. పగుళ్లు నాలుగూ ఎక్కడివక్కడ ఉన్నాయి. అయినా బొమ్మలో ఏదో లోపం. వెతికితే దొరికింది: వదిన ఎవరూ చూడకుండా స్టూలును గుర్తుల మీంచి తలుపు వైపుకు ఓ మూరెడు జరుపుకుని కూర్చుంది.

"మాట్లాడావా మరిదీ?" అంది వదిన ఆశగా.

"మాట్లాడాను వదినా. అంతా ఖరారైంది. ఒక్కసారి లే."

తనను అక్కణ్ణుంచి తీసుకుపోవడానికే వచ్చాడనుకుని ఆవిడ గబగబా లేచి, సంచీ భుజాన వేసుకుంది. ఆయన స్టూలెత్తి తీసుకొచ్చి, వంగి చూసుకుంటూ, నాలుగు కాళ్లనూ నాలుగు గుర్తుల మీద పెట్టాడు. వెనక్కి నడిచి మళ్లీ చూశాడు. ఇప్పుడు అంతా బొమ్మలో ఉన్నట్టే ఉంది.

వదిన ఆయన ముఖంలోకి చూసింది. చొక్కాకున్న బిళ్లను కూడా చూసింది. సంచీ దించి, గోడ పక్కన పెట్టి, కూర్చుంది.

పైనుంచి కాస్త సున్నం రాలింది. ఆయన గబుక్కున ముందుకు వచ్చి, జేబురుమాలు తీసి, ఇత్తడి పలకను తుడిచాడు.