పందిచెవి కోసం పెగ్రమ్ దండయాత్ర

రెండవ జార్జి ప్రభువు సముద్రానికి ఆవల సింహాసనాసీనుడై ఉండగా, మా వర్జీనియా సీమలో పొగాకు మొక్కలు మోకాటి ఎత్తు పెరిగి, వాగులు ఉప్పొంగి, న్యాయం కోరినవాడు రెండు రోజులు గుర్రం మీద నడుము విరగ్గొట్టుకుంటే గాని కోర్టు గడప తొక్కలేని ఆ దుర్దినాలలో, శాసనసభవారు కరుణార్ద్రహృదయులై, ఆష్‌కోంబ్ కౌంటీ పడమటి కొసనూ మెల్టన్ కౌంటీ తూర్పు కొసనూ కోసి, రెంటినీ కలిపి కుట్టి, వెండోవర్ అనే సరికొత్త కౌంటీని సృష్టించారు. ఆ అతుకుల బొంతలో పుట్టిన మహాసంగ్రామాన్ని చెబుతాను, వినండి. నెత్తురు చుక్క పడలేదు గాని ఒక మగాడి పరువు పడింది.

ఆ మగాడు హంఫ్రీ పెగ్రమ్. అరణ్యవరాహయూథపతి, ధూమపత్రక్షేత్రపాలకుడు, మొక్కజొన్నరొట్టె భక్షణధురంధరుడు. ఆష్‌కోంబ్ కోర్టు దూరమనీ, దారిలో కార్టర్లవాగు మనుషుల్ని మింగేస్తోందనీ, కొత్త కౌంటీ ఇప్పించాలనీ ఇంటింటికీ తిరిగి అర్జీ మీద సంతకాలు పెట్టించింది ఆయనే. కౌంటీ వచ్చిందని పదిహేను రోజులు నేల మీద నిలవలేదు పాపం.

పదహారో రోజున పిడుగులాంటి వార్త తెలిసింది. మా సీమలో పందులు అడవిలోనే తిరిగి అడవిలోనే మేస్తాయి. ఏ పంది ఎవరిదో చెప్పేది దాని చెవి మీది గాటు. ఎడమ చెవి కొస కత్తిరింపు, కుడి చెవికి చీలిక: ఇది పెగ్రమ్‌కు తండ్రినాటి గుర్తు. సరిగ్గా అదే గుర్తు మెల్టన్ వైపు ఉన్న ఉర్సులా టాలీ అనే వితంతువు పందులకూ ఉంది. కౌంటీలు రెండుగా ఉన్నన్నాళ్లూ కోర్టులో గుర్తులు రాసే పుస్తకం ఎవరిది వారిదే, ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు కౌంటీ ఒకటి, పుస్తకం ఒకటి. ముందు రాయించుకున్నవారిదే ఆ గుర్తు. వెనకబడినవారి పందులు అడవిలో ఉన్నవి ఉన్నట్టే ఎదుటివారివైపోతాయి. పెగ్రమ్ ఆస్తిలో సింహభాగం ఆ పందులే.

కోర్టు భవనానికి ఇంకా పునాది కూడా లేదు గనుక తొలి కోర్టు పెగ్రమ్ ఇంటికి మూడు మైళ్ల దూరంలోని బిగ్గర్స్‌వారి పూటకూళ్లింట్లో కూర్చుంటుందని చాటించారు. ఆ రోజు ఉషఃకాలాన పెగ్రమ్ పందిమాంసపు ముక్క, రెండు రొట్టెలు మూటగట్టుకుని, ముసలి ఆడగుర్రాన్ని అధిరోహించి, కోర్టులో చేయబోయే వీరప్రసంగాన్ని మనసులో వల్లెవేసుకుంటూ బయలుదేరాడు. చీలుబాట దగ్గర గుర్రం ఎడమకు తిరిగింది. ఇరవై ఏళ్లుగా కోర్టు అంటే ఆష్‌కోంబ్ కోర్టే, ఎడమకే కదా! రౌతు కూడా అదే అలవాటులో ఊరుకున్నాడు. పది మైళ్లు సాగాక నీళ్లు తొడల దాకా వచ్చి, ప్రసంగం ఆగిపోయి, చుట్టూ చూస్తే ఏముంది? తాను అర్జీలో తిట్టిపోసిన కార్టర్లవాగు నట్టనడుమ ఉన్నాడు.

మిట్టమధ్యాహ్నానికి, తడిసిన లాగుతో, బురదగడ్డంతో పూటకూళ్లింట్లోకి దూసుకొచ్చాడు. న్యాయాధిపతులు బల్లల మీద కునుకుతున్నారు. గుమాస్తా పక్కనే టాలీ అమ్మగారు మేజోడు అల్లుకుంటూ కూర్చుని ఉంది. పొద్దుటినుంచీ అక్కడే ఉందట. పెగ్రమ్ గుమాస్తా భుజం మీదుగా పుస్తకంలోకి తొంగిచూశాడు.

"ఇంకా ఎవరూ రాయించలేదు," అన్నాడు గుమాస్తా.

అంతట పెగ్రమ్ మేఘగంభీరస్వరంతో, పితృపితామహార్జితమైన ఆ కర్ణచ్ఛేదచిహ్నాన్ని ప్రాణం ఉన్నంతవరకు వెంట్రుకవాసి కూడా మార్చబోనని, మార్చినవాణ్ణి పంది అని పిలవమని, బైబిలు మీద చేయి వేసి ప్రతిజ్ఞ చేశాడు. గుమాస్తా ముచ్చటపడి దాన్ని కూడా రాసుకున్నాడు. అమ్మగారు పోట్లాడుతుందని కోర్టంతా మెడలు సాచింది. ఆవిడ కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది.

"రాయించుకో నాయనా, తడిసిపోయి వచ్చావు. నాది తర్వాత చూసుకుందాం."

వెండోవర్ కౌంటీ పుస్తకంలో తొలి పుట, తొలి పంక్తి: హంఫ్రీ పెగ్రమ్, ఎడమ చెవి కొస కత్తిరింపు, కుడి చెవికి చీలిక. ఆయన ఛాతీ రెండంగుళాలు పొంగింది.

ఆవిడ అల్లిక పక్కన పెట్టి తన గుర్తు చెప్పింది. ఎడమ చెవి కొస కత్తిరింపు, కుడి చెవికి చీలిక, ఎడమ చెవి కింద ఒక చిన్న గాటు.

గుమాస్తా కలం ఆగింది. న్యాయాధిపతుల్లో ఒకాయన దగ్గి కిటికీ వైపు చూశాడు. గుర్తు వేరే గనుక చట్టప్రకారం అడ్డు చెప్పడానికి లేదు. పెట్టిన గాటును చెరపడం ఎవరి తరమూ కాదు గాని, లేని గాటును పెట్టడం ఎంత పని? పెగ్రమ్‌కు విషయం మెల్లగా ఎక్కింది.

"అమ్మగారూ, నా పందికీ మీ పందికీ ఒక్క గాటేనా తేడా?"

"ఒక్కటే నాయనా. కత్తి పదునుగా ఉంటే పందికి కూడా తెలియదు."

తనదీ మార్చి రాయమని పెగ్రమ్ గుమాస్తా కాళ్లావేళ్లా పడ్డాడు. గుమాస్తా ఆయన ప్రతిజ్ఞనే ఆయనకు చదివి వినిపించాడు.

ఈ విధంగా ప్రథమ పుస్తక ప్రథమ పుట ప్రథమ పంక్తి విజేతయై హంఫ్రీ పెగ్రమ్ జయభేరి మోగించాడు. ఆ పొద్దు గుంకకముందే పందులన్నింటినీ అడవినుంచి దొడ్లోకి తోలుకున్నాడు. ఇక ప్రతి ఆదివారం చర్చి ముంగిట టాలీ అమ్మగారు గుర్రం దిగేవేళకు, టోపీ తీసి, కళ్లెం పట్టుకుని, క్షేమసమాచారాలు అడిగేవారిలో కౌంటీ మొత్తానికీ మొదటివాడు ఆయనే.