పాచి బకెట్టు

ఆ ఉదయం కోడలి పథకం చిన్నదే. సముద్రపు నాచు నారు పెంచే ఆమె షెడ్డులో రెండో తొట్టికి జబ్బు చేసింది. దారాలకు చుట్టిన మొక్కల కొసలు తెల్లబడి రాలిపోతున్నాయి. ఒకటో తొట్టి మొక్కలు మాత్రం ఒళ్ళంతా జిగట పాచితో నిగనిగలాడుతున్నాయి. ఆ జిగటలో కాపురముంటున్న మంచి బాక్టీరియాయే చెడ్డదాన్ని గడప తొక్కనివ్వడం లేదని ఆమె నమ్మకం. అందుకే ఆ పాచిని వారం రోజులు ఒక బకెట్టులో పెంచి, దానిమీద ‘పాచి’ అని కాగితం అంటించింది. పదింటికి రైతులు వచ్చేలోగా రెండో తొట్టిలో కలిపేయాలి. ఆ తొట్టి పోతే ఈసారి సముద్రంలో నారు కట్టే వాళ్ళ తాళ్ళు బోసిగా వేలాడాల్సిందే.

ఇంతలో టిఫిన్ డబ్బా పట్టుకుని మామగారు వచ్చారు. వీధిలో ఆయన్ని తుడుపు మావయ్య అంటారు. పక్కింటి గుమ్మం కూడా కడిగి గానీ లోపలికి అడుగుపెట్టని మనిషి.

కోడలు ఫోను మాట్లాడి వచ్చేసరికి బకెట్టు బోర్లించి ఉంది, తళతళలాడుతూ.

"మావయ్యా! ఇందులో పాచి ఏది?"

"పారబోశానమ్మాయ్. ఛీ, ఏం కంపు! బ్లీచింగ్ వేసి రెండుసార్లు రుద్దాను."

"అయ్యో! అది మందు మావయ్యా, మందు!"

"మందుకి పాచి అని పేరు పెడతారా ఎవరైనా?"

గుమ్మం దగ్గర వాచ్‌మన్‌కు చివరి మాటలే వినిపించాయి. గేటు దగ్గర దిగుతున్న రైతులకు, లోపల మామాకోడళ్ళు మందు దగ్గర కొట్టుకుంటున్నారని చెప్పేశాడు. రైతులు నిర్ఘాంతపోయి లోపలికి దూసుకొచ్చారు. పెద్ద రైతు బకెట్టు వాసన చూసి తల వెనక్కి లాక్కున్నాడు.

"ఏం సరుకమ్మా ఇది? కళ్ళు మండుతున్నాయి!"

ఇక దాచి లాభం లేదు. కోడలు ఏడుపు ఆపుకుంటూ జబ్బు సంగతి, పాచి సంగతి చెప్పేసింది. ఆ వెంటనే మామగారి వైపు తిరిగింది.

"ఇంతకీ ఎక్కడ పారబోశారు మావయ్యా?"

"కాలవలో మాత్రం కాదు, అప్పుడే కడిగాను. ఆ కుళ్ళిన రెండో తొట్టిలో పోశా. ఎలాగూ మురికేగా అని."

కోడలు తొట్టి వైపు పరుగెత్తబోయి ఆగింది. "బ్లీచింగ్ వేశాకా, వేయకముందా?"

"ముందే. బ్లీచింగ్ నీళ్ళు బయట పోశాను. నాకామాత్రం తెలీదా?"

ఆమె అక్కడే కూలబడిపోయింది, ఈసారి నవ్వుతూ.

పదో రోజుకు కొసలు చిగురించాయి. నారు తీసుకెళ్ళడానికి వచ్చిన రైతులు మందు పోసిన చేతుల్ని ఒకసారి చూడాలన్నారు. మామగారు అప్పటికింకా వాటిని కడుక్కుంటూనే ఉన్నారు.