రాజీగారికి పైవాటా అద్దెకిచ్చిన పుణ్యం

తగవులు తీరిపోవాలని కోరుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అందరి తగవులూ తీరిపోతే, తగవులు తీర్చేవాళ్ళు ఏమైపోవాలి? వాళ్ళకి మాత్రం పెళ్ళాం పిల్లలు ఉండరా? వాళ్ళ సెమినార్లకి విమానం టిక్కెట్లు ఎవరు తీస్తారు? శాంతి కావాలి, శాంతి కావాలి అని కొవ్వొత్తులు పట్టుకు తిరిగేవాళ్ళు ఈ సంగతి ఒక్కసారైనా ఆలోచించారా?

నేను ఆలోచించాను. ఆలోచించక తప్పలేదు. మా పైవాటాలో అంతర్జాతీయ సంబంధాల పండితుడొకాయన అద్దెకుంటున్నారు. జాతుల మధ్య వైరాలు ఎలా పరిష్కరించాలన్నదే ఆయన చదువు, ఉద్యోగం, ఊపిరి. మీ పైవాటాలో ఎవరుంటారు? మహా అయితే ఓ బ్యాంకు ఉద్యోగి ఉంటాడు. నీళ్ళ మోటారు దగ్గర మీతో తగువు పెట్టుకుంటాడు. మా పైవాటాయన అలాంటివారు కాదు. మోటారు కాలిపోయిన రోజున కిందికి దిగొచ్చి, "ఈ మోటారు విషయంలో మీ మనసులో ఉన్నది నిర్భయంగా చెప్పండి" అని నన్ను అడిగారు. చెప్పాను. శ్రద్ధగా రాసుకున్నారు. మోటారు నేనే బాగుచేయించుకున్నాను.

వీధిలో అందరూ ఆయన్ని రాజీగారంటారు. అసలు పేరు విజిటింగ్ కార్డు మీద ఉంది కానీ, దాని చుట్టూ డిగ్రీలు ఎంత ఒత్తుగా మొలిచాయంటే అందులో పేరేదో వెతుక్కోవాలి.

ఆయన వచ్చేదాకా మా ఊళ్ళో జాతి వైరం ఉందని మాకు తెలియదు. గొడవ జరిగిందని మాత్రం తెలుసు. ఓ లారీ రివర్సులో పోతూ ఓ షాపు షట్టర్ని గుద్దింది. లారీ డ్రైవరు పైపేటవాడు, అంటే మావాడు. షాపు కిందపేటవాళ్ళది. మాటా మాటా పెరిగి రాళ్ళదాకా వెళ్ళింది. రెండు షాపులు కాలిపోయాయి. మా వీధి ఎలక్ట్రీషియన్‌కి ఓ కన్ను పోయింది. అధికారులు పరిగెత్తుకొచ్చి రెండు పేటల మధ్య రోడ్డుకి అడ్డంగా ఇనుప కంచె వేసి, కంచెకో గేటు పెట్టి, గేటుకి తాళం వేసి, ఆ తాళానికి ఓ పోలీసుని కాపలా ఉంచారు. గొడవ సద్దుమణిగాక తీసేస్తామన్నారు. వారం తిరక్కుండానే సద్దుమణిగింది. వాళ్ళు గేటు తీసేలోపు రాజీగారు సూట్‌కేసుతో దిగారు.

"మీది లారీ గొడవ కాదండీ! మీ పూర్వీకులు కొండ దిగి వచ్చినవాళ్ళు. వాళ్ళ పూర్వీకులు ఏటి ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళు. ఇది చారిత్రక గాయం" అన్నారు.

గర్వంతో నా ఛాతీ ఉబ్బిపోయింది. మా తాత కరెంటాఫీసులో గుమాస్తా అనుకుంటూ ఇన్నాళ్ళూ బతికేశాను! ఆయన గోడకి పెద్ద మ్యాపు తగిలించి, కొండవాళ్ళ ఇళ్ళకి ఎర్ర పిన్నులు, ఏటివాళ్ళ ఇళ్ళకి నీలం పిన్నులు గుచ్చారు. మా ఇంటికి ఎర్రది పడింది. మా అమ్మాయి ఇంటికి నీలం పడింది.

అవును, మా ఒక్కగానొక్క అమ్మాయి కాపురం కిందపేటలో. అల్లుడిది కళ్ళజోళ్ళ షాపు. వాళ్ళమ్మకి చత్వారం అద్దాలు తెస్తానని వెళ్ళిన పిల్ల, అద్దాలతో పాటు అల్లుణ్ణి కూడా తెచ్చింది. కంచె వేసిన కొద్ది రోజులకే అటువైపు ఆస్పత్రిలో మాకు మనవరాలు పుట్టింది.

ఇక్కడ మీకు మా పైవాటా కిటికీ గురించి చెప్పాలి. అందులోంచి చూస్తే కంచెకి రెండువైపులా కనిపిస్తుంది. రాజీగారు మా ఇంట్లో దిగిందే ఆ కిటికీ కోసం. కంచె అవతల కాస్త దూరంలో మా అమ్మాయి డాబా కూడా కనిపిస్తుంది. అందుకే మా ఆవిడ రోజూ ఆయనకి టీ పట్టుకెళుతుంది. కప్పు బల్లమీద పెట్టి, కర్టెన్ సర్దుతున్నట్టు నటించి, ఆ డాబా మీద ఆరేసిన చిన్న చిన్న గౌన్లు చూసుకుంటుంది. "పొడుగైందండీ! ఈ గౌను కొత్తది, కిందటిదానికంటే బెత్తెడు పెద్దది" అని కిందికొచ్చి నాకు చెబుతుంది. ఇంకేవో చెప్పబోయి వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

ఫోన్ లేదా అని అడుగుతారు. ఉంది. ఫోన్లో పిల్ల బుగ్గలు కనిపిస్తాయి, బరువు తెలియదు. పర్మిట్ తీసుకోవచ్చుగా అంటారు. దానికి అత్యవసర కారణం చూపించాలట. మనవరాల్ని ఎత్తుకోవడం అత్యవసరం కాదని ఆఫీసులో చెప్పారు. పోనీ వేరే ఊరెళ్ళి కలుసుకోవచ్చుగా? మా వీధి చివర దర్జీ అలాగే వెళ్ళి కిందపేటలో ఉన్న చెల్లెల్ని కలిశాడు. ఎవడో ఫొటో తీసి పేటంతా తిప్పాడు. మర్నాడు దర్జీ కుట్టు మిషను నడిరోడ్డు మీద ముక్కలై పడుంది.

మరి మమ్మల్ని ఆదుకున్నదెవరు? మా రాజీగారే! ఆయన వేరే ఊళ్ళో ఓ ఏసీ హోటల్లో వర్క్‌షాప్ పెడతారు. ఇటువాళ్ళు కొందరు, అటువాళ్ళు కొందరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి. గొడవ తర్వాత రెండు పేటల్లోనూ పరువు కాపాడే కమిటీలు వెలిశాయి; దీనికి వెళితే ఏ పేట కమిటీవాళ్ళూ ఏమీ అనరు. మనవాళ్ళ తరఫున గట్టిగా పోట్లాడి రమ్మని సాగనంపుతారు కూడా. చూశారా, కన్నతల్లీ కూతురూ కలుసుకోవడానికి ఓ పండితుడు ఎంత దూరం ఆలోచించాలో!

మొదటి వర్క్‌షాప్‌కి మా ఆవిణ్ణీ, అమ్మాయినీ ఆయనే ఎంచుకున్నారు. నేను ప్రేక్షకుణ్ణి. మా అమ్మాయి పిల్లనెత్తుకుని హాల్లోకి వచ్చి, "సార్, నేను పుట్టింది ఇటు, ఉంటున్నది అటు. ఎక్కడ కూర్చోమంటారు?" అని అడిగింది.

"ప్రస్తుతానికి అటు కూర్చోండమ్మా. అటు ఒకరు తగ్గారు" అన్నారు రాజీగారు. శాస్త్రం అంటే అదీ!

ముందుగా ఎలక్ట్రీషియన్‌కి క్రేయాన్లిచ్చి నీ బాధని బొమ్మ గీయమన్నారు. "కన్ను పోయిందండీ, బొమ్మేం గీస్తాను?" అన్నాడతను. సహకరించడం లేదని రాసుకున్నారు. తర్వాత మా ఆవిడ వంతు. ఎదుటి జాతిని చూస్తే ఎలాంటి భయం కలుగుతోందో చెప్పమన్నారు.

మా ఆవిడ ఎదుటి జాతిని తేరిపార చూసింది. "చిక్కిపోయావేమిటే? పిల్ల పాలు సరిగ్గా తాగుతోందా?" అంది.

"జాతి గురించి చెప్పాలమ్మా."

"జాతి సంగతి తర్వాత చెబుతానుండు బాబూ" అని లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, పిల్లని లాక్కుని గుండెకి అదుముకుంది. తల్లీ కూతుళ్ళు కావలించుకుని ఏడ్చారు. రాజీగారు కూడా ఏడ్చారు. ఏడుస్తూనే ఫొటో తీసుకున్నారు. ముఖాలు కనపడకుండా మసక చేసి పాంప్లెట్ మీద వేయించారు.

ఆ పాంప్లెట్ పట్టుకుని ఆయన ఎన్ని దేశాలు తిరిగారో! మా కంచె ఫొటో ఎన్ని సభల్లో తెరమీద పడిందో! 'కంచెతో సహజీవనం' అన్న పరిశోధనకి ఓ పతకం కూడా వచ్చింది. మధ్యలో ఒకసారి రెండు పేటల కూరగాయల వాళ్ళు ఆయన కిటికీకి ఎదురుగా కంచెకి చెరోవైపు నిలబడి, పొద్దున్న పూటైనా గేటు తీయమని మీరో మాట చెప్పండని బతిమాలుకున్నారు. "ఘర్షణ ఇంకా పక్వానికి రాలేదు" అన్నారు రాజీగారు. వాళ్ళ కూరగాయలు మాత్రం పక్వానికి వచ్చి, ఆ మీదట కుళ్ళిపోయాయి.

రెండో వర్క్‌షాప్ జాబితాలో మా ఆవిడ లేదు. టీ కప్పు పట్టుకుని పైకెళ్ళి అడిగింది.

"మీరు రాజీపడిపోయారు కదమ్మా! రాజీపడనివాళ్ళకి అవకాశం ఇవ్వాలి" అన్నారాయన, ఎంతో మర్యాదగా.

ఆ సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, మంచిగా ఉంటే మనల్ని పిలవరే. మళ్ళీ చెడిపోయామని చెప్పు" అంది. నా కడుపున పుట్టిన తెలివి! మర్నాడు మా ఆవిడ టీతో పాటు ఆ కబురు కూడా పైకి పట్టుకెళ్ళింది. "నా కూతురైతే మాత్రం? ఆ కిందపేట మొహాలు ఇక చూడను బాబూ" అంది, కర్టెన్ సర్దుతూ. రాజీగారు కుర్చీలోంచి ఎగిరి లేచారు. "రిలాప్స్! వైరం తిరగబెట్టింది! ఇది చాలా ముఖ్యమైన కేసమ్మా, మీరు తప్పకుండా రావాలి" అన్నారు. అంత సంతోషం ఆయన ముఖంలో పతకం వచ్చిన రోజున కూడా లేదు.

అయితే మా ఆవిడకి తిట్టడం రాదు. నన్ను మినహాయిస్తే ఎవర్నీ తిట్టలేదు పాపం. మరి ఇంట్లో నాలాంటి పేపరు కాలమిస్టుని పెట్టుకున్నది ఎందుకు? నేను రాసిచ్చాను. 'మీ ఏటివాళ్ళ నీడ పడితే మా గోడలు చెమ్మగిల్లుతాయి' లాంటివి డజన్ల కొద్దీ రాశాను. నా కాలమ్స్ చదివి ఎవరైనా మారారో లేదో తెలియదు కానీ, ఈ తిట్లు మాత్రం హాలంతా దద్దరిల్లేలా పేలాయి. 'మా పిల్లని మాకు కాకుండా చేశారు కదరా' అన్న వాక్యానికి మా ఆవిడ రిహార్సల్ కూడా చేయలేదు. అమ్మాయికి కూడా నేనే ఫోన్లో జవాబులు చెప్పాను. ఇంటి గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతానంది, తల్లిని!

అలా తిట్టుకోవడం, టీ బ్రేకులో లేడీస్ బాత్‌రూములో దూరి గడియ పెట్టుకోవడం. ఆ కాస్సేపట్లోనే పిల్లకి ముద్దులు, అమ్మాయికి జడ, ఇద్దరికీ ఏడుపు. చేతులు ఆరబెట్టే మిషను ఆన్ చేసి ఉంచేవారట, ఏడుపు బయటికి వినపడకుండా. రెండు, మూడు వర్క్‌షాపులు ఇలా హాయిగా గడిచాయి. ఇంతకంటే ఏం కావాలి మనిషికి?

తర్వాత పేట కమిటీలకి అనుమానం వచ్చింది. అటూ ఇటూ ఫోన్లు మానిపించి, వర్క్‌షాప్‌కి వెళ్ళే మహిళల వెంట తలా ఒక మనిషిని పంపడం మొదలుపెట్టారు. బాత్‌రూము దాకా వెంట వచ్చేవాళ్ళు. ఇక హాల్లో తిట్టుకోవడం తప్ప ఇంకేమీ మిగల్లేదు. అయినా మా ఆవిడ మానలేదు. "తిట్టేటప్పుడైనా చూడొచ్చుగా" అంది.

పోయిన నెల అధికారులు, గొడవలేమీ లేవు కదా, ఇక గేటు తీసేద్దామా అని రాజీగారి సలహా అడిగారట. పరిస్థితి ఎలా ఉందో చూసి చెబుతానని ఆయన వెంటనే ఇంకో వర్క్‌షాప్ పెట్టారు. ఈ సంగతి మాకు చెప్పలేదు. ముందే చెబితే జవాబులు సహజంగా రావట. చెప్పలేదు కాబట్టి మా ఆవిడ ఎప్పటికంటే బాగా తిట్టింది. తిట్టి కూర్చుంది. అప్పుడు మా మనవరాలు, ఇప్పుడు నడుస్తుంది, మాట్లాడుతుంది, బల్లల మధ్య ఆడుకుంటూ ఆడుకుంటూ ఇటువైపు వచ్చేసింది. మా ఆవిడ ఆగలేక చేతులు చాపింది.

పిల్ల నిలబడిపోయింది. మూతి బిగించింది. తర్వాత కెవ్వుమని ఏడుస్తూ వెనక్కి పరిగెత్తి తల్లి ఒళ్ళో దాక్కుంది. "అమ్మా, అటువాళ్ళావిడ పట్టుకుంటోంది! పోదాం, పోదాం!" అంది. మా ఆవిడ చేతులు అలాగే చాపి ఉంచింది. నేనే వెళ్ళి దింపాను.

నిన్న రాజీగారు రిపోర్టు పట్టుకుని మా హాల్లోకి వచ్చారు. "అంతా మీ చలవేనమ్మా" అని మా ఆవిడకి దణ్ణం పెట్టి, పైకి చదివారు. 'ఎ-7 మాటల్లో ద్వేషం ఏమాత్రం తగ్గలేదు. ఎ-7ను చూసి బి-వర్గానికి చెందిన బాలిక భయంతో పారిపోయింది. వైరం తర్వాతి తరానికి కూడా పాకింది. గేటు మరో అయిదేళ్ళు తెరవరాదు.'

అదంతా నాటకమని చెప్పేశాం. నేను రాసిచ్చిన కాగితాలు కూడా తెచ్చి చూపించాను. ఆయన జాలిగా నవ్వారు. "ద్వేషం ఉందని ఒప్పుకోలేక దాన్ని నాటకమంటారు. చాలా దేశాల్లో ఇంతే. రిపోర్టు అనుబంధంలో రాస్తాను" అన్నారు. ఇలాంటి మనిషితో వాదించి గెలవడం ఎవరి తరం? అందుకే కదా నేను మొదట్నుంచీ పొగుడుతున్నది!

మా ఆవిడ ఆ రిపోర్టు చేతిలోకి తీసుకుని చూసింది. తర్వాత, "ఎ-7 అంటే ఎవరు బాబూ?" అంది.

"మీరేనమ్మా."

"అక్కడ అమ్మమ్మ అని రాయండి. పిల్ల అమ్మమ్మని చూసి భయపడిందని రాయండి."

రాజీగారు నిజంగానే నొచ్చుకున్నారు. "బంధుత్వాలు రాయకూడదమ్మా. ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. చదివినవాళ్ళెవరైనా మిమ్మల్ని గుర్తుపట్టేస్తారు."

"గుర్తుపట్టాల్సిన పిల్లే గుర్తుపట్టలేదు. ఇంకెవరు గుర్తుపడితే నాకేం బాబూ?" అంది మా ఆవిడ.

రాజీగారు జేబులోంచి పెన్ను తీసి, ఆ మాట కూడా రాసుకున్నారు.