తీతువు జంటకు నాలుగో పిల్ల

గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న పిట్టలదిబ్బ మీద ఫొటోలు తీయాలంటే, తీసే మనిషిని ముందుగా ఒక తీతువు జంట తమ పిల్లగా దత్తత తీసుకుని ఉండాలి. దరఖాస్తు మూడు ప్రతుల్లో ఇవ్వాలి. మూడింటి మీదా తల్లి కాలిముద్ర, తండ్రి కాలిముద్ర పడాలి. తీతువు నాలుగు గుడ్లకు మించి పెట్టదు కనుక, మూడు పిల్లలున్న జంటకే నాలుగో పిల్లగా ఒక మనిషిని కేటాయిస్తారు.

పోలిశెట్టి రామలింగం పట్నంలో స్టూడియో పెట్టి ఇరవై రెండేళ్ళయింది. పెళ్ళిళ్ళూ పేరంటాలూ తీసి తీసి విసుగెత్తిన ఆయనకు ఇప్పుడు కావలసింది ఒకే ఒక్క ఫొటో. ఆపద వచ్చినప్పుడు తల్లి తీతువు రెక్క విరిగినట్టు నేలమీద ఈడ్చుకుంటూ, శత్రువును తన వెంట తిప్పుకుని పిల్లల్ని కాపాడుతుంది. ఆ రెక్క తన కోసం విరగాలి, దాన్ని తనే తీయాలి. అందుకని యాభయ్యో ఏట, మే నెల ఎండలో, ఇసుక మీద బోర్లా పడుకున్నాడు.

పక్క గూటికి ఆయన వీధిలోనే స్టూడియో ఉన్న సత్తిరాజును కేటాయించారు. తంటా అక్కడే వచ్చింది. పిల్లలు ఎండకు మాడిపోకుండా తండ్రి తీతువు నీళ్ళలో పొట్ట తడుపుకుని వచ్చి వాళ్ళను చల్లబరుస్తుంది. సత్తిరాజు తండ్రి గంటకోసారి వస్తున్నాడు. రామలింగం తండ్రి మధ్యాహ్నం ఒక్కసారి వచ్చాడు, అదీ ముగ్గురికీ అయ్యాక మిగిలిన నాలుగు చుక్కలతో.

"ఏవండీ, మీ నాన్నగారు మళ్ళీ రాలేదాండీ?" అన్నాడు సత్తిరాజు, తడి జుట్టు తుడుచుకుంటూ.

"ఆరికి సవాలక్ష పనులుంటాయండి," అన్నాడు రామలింగం. సత్తిరాజు దగ్గరున్నది పాత కెమెరా, అరిగిపోయిన లెన్సు. అలాంటివాడికి ఇంత ప్రేమ ఎందుకో ఆయనకు బోధపడలేదు.

నాలుగోనాడు రేవు వైపు నుంచి కుక్క వచ్చింది. తల్లులు కేక పెట్టాయి. ఆ కేక వినగానే పిల్లలు కళ్ళు మూసుకుని నేలకు అంటుకుపోవాలని నిబంధనల్లో ఉంది. సత్తిరాజు కెమెరా వదిలేసి ఇసుకలో మొహం పెట్టాడు. రామలింగం కెమెరా పట్టుకుని మోకాళ్ళ మీద లేచాడు. లేచినవాడు పిల్లేమిటనుకుందో ఏమో, ఆయన తల్లి కదల్లేదు. సత్తిరాజు తల్లి మాత్రం రెక్క విరుచుకుని, ఏడుస్తూ, కుక్కను అరమైలు దూరం తీసుకుపోయింది.

ఆ ఫొటో రామలింగమే తీశాడు. వారం తిరిగేసరికి జిల్లా పోటీలో దానికి మొదటి బహుమతి వచ్చింది. ఫ్రేము కట్టించి గోడకు తగిలించాక చూస్తే, విరిగిన రెక్క వెనకాల సత్తిరాజు వీపు కనిపించింది. ఎంత నిశ్చింతగా పడుకున్నాడు! ఆ పూట రామలింగానికి అన్నం సహించలేదు. పొద్దున్నే దిబ్బ ఆఫీసుకు వెళ్ళాడు.

"నన్ను సత్తిరాజుగారి తల్లిదండ్రులకి మార్చేయండమ్మా," అన్నాడు గుమాస్తా భానుమతితో.

ఆవిడ రిజిస్టరు తిరగేసింది. "ఆ జంటకి నాలుగూ నిండిపోయాయండి. ఖాళీ వస్తేనే."

"ఖాళీ ఎలాగొత్తదండీ?"

"కుక్క వల్లే రావాలండి. దానికి బన్ను పెట్టి, ఏ గూడు కావాలో చూపించుకోవచ్చు. రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఐదు వరకు. వరుసలో రండి, తోసుకోకండి."

నాలుగింటికి రామలింగం బన్ను కొనుక్కుని వెళ్ళాడు. అప్పటికే పదకొండుమంది ఉన్నారు, అందరి మెడల్లోనూ కెమెరాలు. ముందున్నాయన పెద్దమనిషిలా జరిగి నీడలో చోటిచ్చాడు. ఆయన చేతిలో రెండు బన్నులున్నాయి.

"ఎవరి ఖాళీ కోసమండీ?" అన్నాడు రామలింగం మాటవరసకు.

"రామలింగం అని, ఎవరో స్టూడియో ఆయనంటండి. మొహం ఎరగను. ఆళ్ళ నాన్న రోజుకోసారి తప్పకుండా తడుపుకొత్తాడంట. మా నాన్న నా వంకే సూడ్డండి. ఎరుగుదురా ఆయన్ని?"

"ఎరుగుదునండి," అన్నాడు రామలింగం.

వరుస కదిలింది. ముందున్నాయన ఒక అడుగు వేశాడు. వెనకే రామలింగమూ వేశాడు.