విప్పిన బండి మహిమ

మగవాడికి బండి ఉండాలి. అది నడవకూడదు.

తొందరపడి నన్ను తిట్టుకోకండి. బాగా ఆలోచించే చెబుతున్నాను. నడిచే బండి ఉన్నవాడి బతుకేమిటి? కూరగాయలకు వెళ్ళాలి. కరెంటు ఆఫీసుకు వెళ్ళాలి. వచ్చిన చుట్టాల్ని ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సెక్కించాలి. అదే బండిని విప్పి షెడ్డులో పరిచిన వాడికి ఎవరైనా పని చెబుతారా? పాపం ఇంజన్ పని మీద ఉన్నాడని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోతారు. కావాలంటే టీ కూడా అక్కడికే పంపిస్తారు.

ఈ వైభోగాన్ని నేను 2016 జూన్ నుంచి మరుసటి ఫిబ్రవరి వరకు, ఎనిమిది నెలలు అనుభవించాను. కాబట్టి ఈ విషయం మీద మాట్లాడే అర్హత నాకుంది.

నా పేరు జగన్నాధం. శ్రీకాకుళంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో పద్దెనిమిదేళ్ళ వంద సీసీ మోటార్‌సైకిల్ ఉన్నాయి. బండికి ఏ లోపమూ లేదు. స్టార్ట్ చేశాక ‘టిక్ టిక్’ అని ఒక చిన్న చప్పుడు మాత్రం వచ్చేది.

ఆ ఎండాకాలంలోనే నా భార్య అనూరాధకు బదిలీ అయింది. ఆమె ప్రాథమిక పాఠశాలలో టీచరు. కొత్త బడి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో, ఒక పల్లెటూళ్ళో. రోజూ దింపుతానని మాట ఇచ్చాను. కానీ చప్పుడు చేసే బండి మీద కట్టుకున్న భార్యను ఎక్కించడం క్షేమమా? ముందు ఆ చప్పుడు సంగతి తేలుస్తాను, ఒక్క వారం ఆటోలో వెళ్ళు అన్నాను. ఆమె సరేనంది.

మెకానిక్ ఎల్లాజీ పాతికేళ్ళుగా మా వీధి చివర చెట్టు కింద పని చేస్తున్నాడు. బండి చూసి, “ఏటీ నేదు బాబూ, చెయిను కవరు రాసుకుంతన్నాది. నట్టు బిగిస్తే సరిపోతాది” అన్నాడు.

ఇంత తేలిగ్గా తేలిపోతే ఎలా? చప్పుడును పన్నెండు సెకన్లు రికార్డు చేసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

గ్రూపు పేరు ‘నాగావళి బైక్ బంధువులు’. అడ్మిన్ భాస్కర్ బ్యాంకులో ఉద్యోగి. అతని బండి మీద ఎప్పుడూ దుప్పటి కప్పి ఉంటుంది. ఆదివారం దుప్పటి తీసి, స్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుని విని, మళ్ళీ కప్పేసి, నడిచి మా షెడ్డుకు వస్తాడు. గోపి గరివిడి ఫ్యాక్టరీలో పని చేస్తాడు. అతనికీ మంచి బండి ఉంది. ప్రతి ఆదివారం మా షెడ్డుకు బస్సులో వస్తాడు. బండి మీద వస్తే బండి అరిగిపోతుంది కదా!

సాయంత్రానికి నలభై మూడు మెసేజ్‌లు వచ్చాయి. వాల్వు అన్నారు, పిస్టన్ రింగులన్నారు. ఇంజన్ ఆయిల్ గ్రేడు మీద మొదలైన చర్చ పదకొండు రోజులు సాగింది. ఇద్దరు అలిగి గ్రూపు వదిలి వెళ్ళారు. ఒకాయన్ని బతిమాలి తెచ్చుకున్నాం. ఎల్లాజీ మాటను కూడా పెట్టాను. చాలామంది నవ్వే బొమ్మలు పంపారు.

వారం తిరిగేసరికి ఇంజన్ విప్పేశాను.

విప్పడంలో ఉన్న ఆనందం మీకెలా చెప్పను? ఒక్కొక్క భాగాన్ని కిరసనాయిలుతో కడిగి, పాత పేపరు మీద వరసగా పేర్చి ఫోటో తీసి పంపితే చప్పట్లే చప్పట్లు. ఆఫీసులో ఇరవై రెండేళ్ళు ఫైళ్ళు రాశాను. ఒక్కడైనా ఎప్పుడైనా చప్పట్లు కొట్టాడా? ఇక బిగించడం ఎందుకు? బిగించిన ఇంజనుకు ఎవరు ఫోటో తీస్తారు?

అనూరాధ వారం తర్వాత ఒకసారి అడిగింది. దసరాకు ఒకసారి అడిగింది. తర్వాత అడగలేదు. నా పని విలువ తెలుసుకుందని గ్రూపులో గర్వంగా రాశాను.

ఇంట్లో వచ్చిన చిక్కల్లా ఒకటే. సాయంత్రం పూట ఏదో నీచు వాసన. హాల్లో, మంచం మీద, బీరువా దగ్గర కూడా. గ్రూపులో అడిగితే గేర్ ఆయిల్ పాతబడితే అలాగే ఉంటుందని భాస్కర్ చెప్పాడు. షెడ్డులోని ఆయిల్ డబ్బా మూడుసార్లు మార్చాను.

ఇలా హాయిగా సాగుతుండగా ఫిబ్రవరిలో ఒక ఆదివారం మా గేటు ముందు కూర్మమ్మ మోపెడ్ ఆగింది.

కూర్మమ్మది సముద్రపు ఒడ్డు ఊరు. మొగుడు పడవ మీద వేటకు వెళతాడు. ఆవిడ తెల్లారుతూనే చేపల్ని రెండు ఐసు పెట్టెల్లో సర్దుకుని మోపెడ్ మీద అమ్మకానికి బయలుదేరుతుంది. మామూలు రోజుల్లో పల్లెలకూ, ఆదివారం మా వీధులకూ వస్తుంది. ఆ రోజు ఆవిడ అడిగింది చాలా చిన్న సాయం. స్టాండు వదులైంది, ఒక పానా ఇమ్మంది.

పానా ఇచ్చేస్తే అయిపోయేది. కానీ మోపెడ్ ఇంకా నడుస్తూనే ఉంది. గోపి వంగి దాని ఇంజనుకు చెవి ఆనించాడు. ముఖం గంభీరంగా పెట్టాడు. భాస్కర్ కూడా వంగాడు. నేనూ వంగాను. ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

లోపల బాగా దెబ్బతిందని, ఇలాగే నడిపితే దారిలో పట్టేస్తుందని గోపి తేల్చాడు.

“ఇది కొన్నకాడి నుంచీ ఇలాగే అరుస్తాది బాబూ” అంది కూర్మమ్మ. “స్టాండు బిగిస్తే సాలు.”

మేం జాలిగా నవ్వాం. పది నిమిషాల పనేనని భాస్కర్ హామీ ఇచ్చాడు. టీచరమ్మ భర్త, బ్యాంకు ఆయన, ఫ్యాక్టరీ ఆయన, ఇంతమంది చెబుతుంటే ఆవిడ మాత్రం ఏమంటుంది? పెట్టెలు దింపి నీడన పెట్టుకుని గట్టు మీద కూర్చుంది.

తొమ్మిదింటికి కార్బురేటర్ తీశాం. పదింటికి క్లచ్ తీశాం. పదకొండుకు ఇంజన్ పైభాగం ఊడి వచ్చింది. ఎనిమిది నెలల్లో మా చేతులు ఎంత తిరిగాయో చూశారా? మధ్యమధ్యలో ఫోటోలు పంపుతూనే ఉన్నాం. దెబ్బతిన్న భాగం మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. చోటు సరిపోక గోపి ఒక పేపరు మడిచి పక్కకు జరిపాడు. దాంతో నా బండి నట్లూ ఆవిడ బండి నట్లూ కలిసిపోయాయి.

ఐసు పెట్టెల కింద నుంచి నీళ్ళు కారడం మొదలైంది. కూర్మమ్మ ఆ నీళ్ళ వంక రెండుసార్లు చూసింది.

అప్పుడు అనూరాధ వంటింట్లోంచి వచ్చింది. షెడ్డు గుమ్మంలో నిలబడి అంతా చూసింది. తర్వాత కొంగు నడుముకు దోపుకుని, చేపల్ని రెండు బుట్టల్లోకి ఎత్తింది. ఒకటి తను పట్టుకుంది, ఒకటి కూర్మమ్మకిచ్చింది. ఇద్దరూ వీధిలోకి వెళ్ళిపోయారు.

అనూరాధ ఇంటింటి ముందూ ఆగి చేపలమ్మా అని పిలవడం షెడ్డులోకి వినిపించింది. మా సూపరింటెండెంటు గారి ఇంటి ముందు కూడా పిలిచింది. వాళ్ళావిడ నారాయణమ్మ గారు బయటికి వచ్చి, ఎవరా అని చూసి, బేరమైనా ఆడకుండా రెండు కేజీలు తీసుకున్నారట.

ఒంటిగంటన్నరకు ఇద్దరూ తిరిగి వచ్చారు. మెత్తబడిపోయిన చేపల్ని పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టారు. చేతులు కడుక్కుని కూర్మమ్మ షెడ్డు దగ్గరకు వచ్చింది. రేపటికి బండి నడుస్తుందా అని అడిగింది. ఏదో గాస్కెట్ తెప్పించాలని భాస్కర్ నసిగాడు.

“నా సంగతి సరే బాబూ. రేపు మేడమ్ బడికి ఏటెక్కి ఎల్తాది?”

ఆటో ఉంది కదా అన్నాను.

“ఆటో రోడ్డు కాడే దించేస్తాది. లోనకి మరి రెండు కిలోమీటర్లు నడాల. ఆనల్లో బురదలో నడిసెల్తంతే సూడనేక నానే ఎక్కించుకుంతన్నాను. ఎనిమిది నెల్లయింది. మీకు సెప్పనేదేటి?”

గోపి బస్సు టైము చూసుకున్నాడు. భాస్కర్‌కు ఇంట్లో ఫ్రిజ్ బాగు చేయించే పని గుర్తొచ్చింది. ఇద్దరూ వెళ్ళిపోయాక పేపర్ల మధ్య నేనొక్కణ్ణే మిగిలాను. ఇంట్లో వాసన గేర్ ఆయిల్‌ది కాదని అప్పుడు అర్థమైంది. చేపల పెట్టెకు ఆనుకుని కూర్చుని వెళ్ళిన చీరలది.

మర్నాడు సెలవు పెట్టాను. మోపెడ్ భాగాల్నీ నా బండి భాగాల్నీ కలిపి, ముందురోజు చేపలు మోసిన బుట్టలోనే పోసుకుని, పొద్దున్నే ఎల్లాజీ దగ్గరకు మోశాను. అతను బుట్టలోకి చూసి ఒకటే ప్రశ్న వేశాడు.

“ఏటయిందని ఇప్పీసినారు?”

చప్పుడు వచ్చిందని చెప్పాను.

“బండన్నాక సప్పుడు రాదేటి బాబూ” అని, బుట్టలో చెయ్యి పెట్టి, చూడనైనా చూడకుండా మోపెడ్ నట్లు ఒకవైపు, నావి ఒకవైపు వేయడం మొదలుపెట్టాడు.

నేను అనూరాధతో ఆటో ఎక్కాను. ఆమె వద్దనలేదు, రమ్మనలేదు. రోడ్డు దగ్గర దిగి మట్టి దారిలో నడిచాం. అనూరాధ వేగంగా నడుస్తోంది. నేను వెనకపడ్డాను. ఇంత దూరమని నాకెందుకు చెప్పలేదని కాస్త నిష్ఠూరంగానే అడిగాను.

“చెప్పాను. వాన పడిన రోజు తడిసి వచ్చి చెప్పాను. మీరు ఫోన్ చెవికి పెట్టుకుని, ఉండు, చప్పుడు వింటన్నాను అన్నారు.”

నాకు నిజంగా గుర్తు లేదు. కొంచెం దూరం పోయాక ఆమే అంది.

“బండి ఎక్కగానే కూర్మమ్మ రోజూ ఒకటి అడుగుతాది, ఇయ్యేల పిల్లలకి ఏం పాఠం అని. దిగేలోగా చెప్పేస్తాను. నేనెన్నో తరగతికి చెప్తన్నానో మీకు తెలుసా?”

మూడో తరగతి అన్నాను.

“రెండు” అంది. కోపంగా అనలేదు. తప్పు చెప్పిన పిల్లవాణ్ణి దిద్దినట్టు అంది. ఊరి మొదటి ఇళ్ళు కనిపించాక, ఇక వెనక్కి వెళ్ళి కూర్మమ్మ బండి సంగతి చూడమని నన్ను పంపేసింది.

పది గంటలకల్లా మోపెడ్ తయారైంది. వెనకటిలాగే అరుస్తోంది. చేపల నష్టం నేనే భరించాను. నా బండిని ఎల్లాజీ మూడు రోజుల్లో బిగించి, చివరగా చెయిను కవరు నట్టు ఒక చుట్టు తిప్పాడు. చప్పుడు ఆగిపోయింది.

బండి నడుస్తోందని గ్రూపులో పెట్టాను. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. తొందరపడ్డావని భాస్కర్ విడిగా మెసేజ్ పెట్టాడు. అతని బాధ నాకు అర్థమవుతుంది. ఇక ఆదివారాలు ఎక్కడికి పోతాడు? ఇంట్లోనే ఉండాలి. ఇంట్లోవాళ్ళు ఏదో ఒకటి చెబుతారు, వినాలి. అంత కష్టం ఎవరికి కావాలి?

తర్వాతి సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, అనూరాధను వెనక ఎక్కించుకుని బడి గుమ్మం దాకా తీసుకెళ్ళాను. దారిలో నేనూ పాఠం సంగతి అడిగాను. ఎక్కాలు, అంది. ఇంకేమడగాలో తోచలేదు. రెండో ఎక్కం అప్పజెప్పమంటుందేమోనని కాస్త భయపడ్డాను కూడా.

పిల్లలందరూ బండి చుట్టూ మూగారు. బడిలో వంట చేసే అసిరమ్మ గరిటె చేత్తోనే బయటికి వచ్చింది. నన్ను కిందా మీదా చూసి, అనూరాధను చూసి, ముఖమంతా సంతోషం చేసుకుంది.

“వచ్చీసినారా బాబూ. మేడమ్ ఒక్కర్తే వస్తంతే, ఆయన దుబాయిలో ఉన్నారని మేమంతా అనుకుంతన్నాం. ఎన్ని నెల్లు సెలవు?”

నేను శ్రీకాకుళంలోనే ఉంటున్నానని చెప్పాను.

అసిరమ్మ నమ్మలేదు. నిజమేనా అన్నట్టు అనూరాధ వైపు తిరిగింది. అనూరాధ హాజరు పట్టీ చంకన పెట్టుకుని రెండో తరగతిలోకి వెళ్ళిపోయింది.